ఆర్ట్స్ ఫెస్టివల్‌లో ఒకే రంగు క్యాంపు పెట్టడం ఎలా: బెజవాడ, గుంటూరు వాళ్లకి మొదటి నుంచి చివరి దాకా

ఆర్ట్స్ ఫెస్టివల్‌కి పోయి స్టేజీ చూసి, నాలుగు స్టాల్స్ తిరిగి, ఏదో తిని వచ్చేయడం అందరం చేసేదే. క్యాంపు పెట్టడం వేరు. పది పదిహేను మంది కలిసి అక్కడే కొంచెం జాగా తీసుకుని, ఫెస్టివల్ ఉన్నన్ని రోజులూ అక్కడే ఉండి, దారినపోయేవాళ్లని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఏదో ఒకటి చూపించి పంపడం. అమెరికాలో నెవాడా ఎడారిలో జరిగే బర్నింగ్ మ్యాన్‌లో ఇది పెద్ద పద్ధతిగా నడుస్తుంది, 1986లో శాన్ ఫ్రాన్సిస్కో సముద్రం ఒడ్డున చిన్నగా మొదలై 1990లో ఎడారికి మారిన పండగ అది, అక్కడ వీటిని థీమ్ క్యాంపులంటారు, క్యాంపులో ఏదీ అమ్మకూడదు, వెళ్లేటప్పుడు నేల మీద కాగితం ముక్క కూడా మిగల్చకూడదు. ఆ రెండు రూల్సూ మన కృష్ణ ఒడ్డున కూడా పెట్టుకోవాల్సినవే అని నా అభిప్రాయం.

థీమ్స్ బోలెడు ఉంటాయి గానీ కొత్తగా మొదలుపెట్టే గ్రూపుకి నేను చెప్పేది ఒక్కటే, ఒకే రంగు పెట్టుకోండి. ఎందుకంటే గ్రూపులో అందరికీ బొమ్మలెయ్యడం రాదు, అందరూ పాడలేరు, కొంతమంది మొహమాటంతో పక్కన నిలబడిపోతారు. రంగు ఒకటి అనుకుంటే ఇంట్లోంచి పాత బకెట్ తెచ్చినవాడి పనీ, అమ్మ చీర తెచ్చిన అమ్మాయి పనీ, పాటగాడి పనీ అన్నీ ఒకే బొమ్మలో కలిసిపోతాయి. కానీ ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఆ రంగు వస్తువులు పోగుచెయ్యడం సగం పని కూడా కాదు, ఆ రంగు కాని వాటన్నిటినీ కంటికి ఆనకుండా చెయ్యడంలోనే అసలు శ్రమంతా ఉంది. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం దాని గురించే.

రెండు నెలల ముందు: రంగు తేల్చుకోవడం

వేరే ఊళ్లో ఎలా ఉంటుందో గానీ మన దగ్గర ప్రతి రంగుకీ ఓనర్ ఉన్నాడు. పసుపు కట్టుకుంటే తెలుగుదేశం, నీలం తెలుపు ఆకుపచ్చ కలిస్తే వైఎస్సార్సీపీ, ఎరుపు కమ్యూనిస్టులు, ఎరుపు తెలుపు జనసేన, కాషాయం బీజేపీ. ఎవరి రంగునీ తక్కువ చెయ్యడానికి చెప్పట్లేదు, మీ క్యాంపు ముందు ఆగినవాడు మొదటి ప్రశ్నగా "ఇది ఎవరిది బాబూ" అని అడిగితే మీరు పెట్టిన కష్టమంతా వేరే కథలోకి పోద్ది. ఎలక్షన్ కోడ్ ఉన్న రోజుల్లో అయితే ఆర్గనైజర్లే ఒప్పుకోరు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

తర్వాత సీజన్. మనకి బయట క్యాంపు పెట్టుకోగలిగింది డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే, అక్టోబర్ నవంబర్‌లో తుఫాన్ల భయం, మార్చి దాటితే ఎండ. సరిగ్గా డిసెంబర్‌లోనే ఇంద్రకీలాద్రి మీద భవానీ దీక్షల విరమణ, ఊరంతా ఎర్రబట్టలతో నిండిపోద్ది, అదే టైంలో అయ్యప్ప మాలవాళ్లు నల్లబట్టల్లో ఉంటారు. భక్తితో వేసుకున్న రంగుని మనం అలంకారంగా వాడటం నాకు నచ్చదు, వాళ్లకీ నచ్చదు. కాబట్టి ఆ నెలల్లో ఎరుపు, నలుపు వదిలేయండి.

గుంటూరు వాళ్లకి మిర్చి ఎరుపు మీద, దుగ్గిరాల పసుపు మీద మనసు పోవడం సహజం, ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు పక్కన పెట్టుకుని ఇంకో రంగు ఎందుకు అంటారు. అయినా వద్దంటాను. ఎండుమిర్చి దండలు కట్టి నాలుగు గోడల మధ్య జనాన్ని కూర్చోబెడితే ఘాటుకి దగ్గు, తుమ్ములు తప్ప ఏం ఉండదు. పసుపుతో ఇంకో గొడవ, మిరప చేలల్లో తెల్లదోమ కోసం పసుపు జిగురు అట్టలు పెడతారు కదా, పురుగు ఆ రంగుకి వస్తుందనే పెడతారు. పొలాలకి దగ్గర గ్రౌండ్ అయితే మీ పందిరి కూడా దానికి పెద్ద జిగురు అట్టలాగే కనపడిద్ది. పోనీ పసుపు కొమ్ములతోనే గుడ్డకి అద్దకం వేద్దామంటే ఆ రంగు ఎండకి నిలవదు. తెలుపు అందంగానే ఉంటుంది, నల్లరేగడి దుమ్ము మీద మొదటి రోజు సాయంత్రం దాకా.

నేను రికమెండ్ చేసేది వంగపండు రంగు. మన రాష్ట్రంలో పెద్ద పార్టీలు ఏవీ తీసుకోలేదు, దీక్షల్లో లేదు, ప్రతి ఇంట్లో బీరువాలో ఒక చీరైనా ఉంటుంది, మంగళగిరి నేతలో బాగా వస్తుంది, పైగా మన క్యాంపు టైంకి డిసెంబరం పూలు విరగబూసి ఉంటాయి. రెండో ఛాయిస్ నెమలికంఠం. కనకాంబరం రంగు కూడా బాగుంటుంది గానీ ఎండకి కొంచెం వెలిస్తే కాషాయంలోకి జారిపోద్ది. ఇక్కడి నుంచి వంగపండు రంగే ఉదాహరణగా చెప్తాను, మీ రంగు వేరైతే అదే లెక్క మీ దానికి వేసుకోండి.

రంగు తేలాక అంతటితో ఆగకూడదు, షేడ్ తేల్చాలి. వాట్సాప్‌లో ఫోటో పెట్టి "ఇదే రంగు" అంటే కుదరదు, ఫోన్ కెమెరాలో వంగపండు రంగు చాలాసార్లు నీలంగా పడిద్ది. ఏదైనా మ్యాచింగ్ సెంటర్‌కి పోయి లైనింగ్ క్లాత్‌లో ఐదారు షేడ్స్ పావు మీటర్ చొప్పున కొని, రెండంగుళాల ముక్కలు కత్తిరించి, పోస్ట్‌కార్డు సైజు అట్టకి స్టేపుల్ చేసి మెంబర్లందరికీ ఒక్కొక్కటి ఇవ్వండి. డిసెంబరం పువ్వు లేత ఊదా ఒక చివర, వంకాయ తొక్క ముదురు ఇంకో చివర, ఆ మధ్యలో ఏదైనా ఓకే. రాణీ కలర్ వైపు పోయేవి, ఆనంద బ్లూ వైపు పోయేవి వద్దు. ఈ హద్దు ముఖ్యం, ఎందుకంటే అందరూ సరిగ్గా ఒకే షేడ్ తెస్తే యూనిఫాం వేసుకున్న స్కూల్ పిల్లల వరుస చూసినట్టు ఉంటుంది, హద్దు లేకపోతే సంత అయిపోద్ది. మధ్యరకం షేడ్ ఎక్కువ, ముదురు కొంచెం, లేతది ఇంకా కొంచెం, ఈ పాళ్లలో ఉంటే కంటికి లోతు తెలుస్తుంది.

ఆరు వారాల ముందు: మనుషులు, డబ్బులు

పన్నెండు నుంచి పద్దెనిమిది మంది సరిపోతారు. అంతకన్నా తక్కువైతే షిఫ్టులు తిరగవు, ఎక్కువైతే మీటింగులే సరిపోతాయి. పనులు వ్యక్తులకి ఇవ్వండి, కమిటీలకి కాదు. గుడ్డ ఒకరు, కరెంటు ఒకరు, తిండి ఒకరు, డబ్బు ఒకరు, ఆర్గనైజర్లతో మాట్లాడేవాళ్లు ఒకరు. వీళ్లతో పాటు రంగు చూసుకునే మనిషి ఒకరు ఉండాలి, ఈ పోస్టు తప్పనిసరి. ఆమె మాటే ఫైనల్, లోపలికి వచ్చే ప్రతి వస్తువూ ఆమె కంటి ముందు నుంచే పోవాలి, వద్దంటే వద్దు, ఎవరి ఫీలింగ్స్ కోసమూ ఒప్పుకోకూడదు. మొహమాటం లేని మనిషిని పెట్టుకోండి, వరసకి అక్కో వదినో అయితే ఇంకా మంచిది, ఎవరూ ఎదురు చెప్పరు.

డబ్బుల విషయంలో నేను చెప్పే పాళ్లు ఇవి: వచ్చిన మొత్తంలో సుమారు సగం గుడ్డకీ కుట్టుకీ, పావు వంతు టెంట్ హౌస్‌కీ కరెంటుకీ, మిగతాది తిండికీ పూలకీ ఆటోలకీ. అందులోనే పదో వంతు విప్పే రోజు దాకా ముట్టకుండా పక్కన పెట్టండి. సగం డబ్బులు పేరు ఇచ్చిన రోజే తీసుకోండి, డబ్బు కట్టని మనిషి లెక్కలోకి రాడు. చదువుకునే పిల్లలు తక్కువ కట్టి పని ఎక్కువ చేస్తామంటే ఒప్పుకోండి, ఆ మాట మాత్రం అందరి ముందూ ఉండాలి. ఫోన్‌పే ఒకే నంబర్‌కి, ప్రతి ఆదివారం ఖర్చుల ఫోటో గ్రూపులో పడాలి. స్నేహితుల మధ్య డబ్బు మాట ఎత్తడం చిన్నతనం అనుకునేవాళ్లు ఉంటారు, నిజానికి స్నేహాలు చెడేది ఎత్తకపోవడం వల్లే.

నెల ముందు: జాగా

ఆర్గనైజర్ల నుంచి నోటిమాట కాకుండా కాగితం మీద తీసుకోవాల్సినవి: జాగా కొలత, కరెంటు ఎంత లోడ్ ఇస్తారు, వంటకి ఒప్పుకుంటారా, ఎప్పుడు ఎక్కించొచ్చు, ఎప్పటికి ఖాళీ చెయ్యాలి. పోలీస్, ఫైర్, కార్పొరేషన్ పర్మిషన్లు వాళ్ల పేరు మీదే ఉంటాయి, కాపీ అడిగి ఫోన్‌లో పెట్టుకోండి. కొత్తవాళ్లకి ఇరవై అడుగులు ముప్పై అడుగులు చాలు.

జాగా చూడటానికి సాయంత్రం పూట వెళ్లండి. ఘాట్ల వైపు, బ్యారేజీకి దగ్గర గ్రౌండ్లు అయితే సాయంత్రం నది గాలి ఎటు నుంచి కొడుతుందో నిలబడి చూసుకుని, మూసిన గోడ ఆ వైపుకి పెట్టుకోవాలి. స్పీకర్ల పక్కన వద్దు, టాయిలెట్లకి మరీ దూరం కూడా వద్దు, ముఖ్యంగా రాత్రి దాకా ఉండే ఆడపిల్లల కోసం. ఇంకోటి, పక్క స్టాల్ ఏ రంగో కనుక్కోండి. పక్కనే నియాన్ పచ్చ ఫ్లెక్స్ ఉంటే మీ ఊదా గోడ మీద ఆ వెలుగు పడతానే ఉంటుంది.

మూడు వారాల ముందు: గుడ్డ

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, క్యాంపు నిలిచేదీ పడేదీ దీని మీదే.

ముందు లెక్క. లైనింగ్ క్లాత్, పాప్లిన్ లాంటివి మామూలుగా 44 అంగుళాల పన్నాలో వస్తాయి, అంటే సుమారు 1.1 మీటర్. ఇరవై ఇంటూ ముప్పై పందిరికి కప్పు కింద గుడ్డ కావాలంటే, ముప్పై అడుగుల వైపు తొమ్మిది పన్నాలు పడతాయి, ఒక్కో ముక్క ఇరవై అడుగులు అంటే 6.1 మీటర్లు, కలిపి 55, మధ్యలో కొంచెం జోలుగా వేలాడాలి కాబట్టి 60 మీటర్లు. మూడు వైపులా గోడలకి, వెనక ముప్పై, పక్కలు ఇరవై ఇరవై, మొత్తం 70 అడుగులు, అంటే ఇరవై పన్నాలు, ఎత్తు ఎనిమిది అడుగులు పైన కింద మడతతో 2.6 మీటర్లు, ఇంకో 52. మొత్తం మీద 115 మీటర్ల దగ్గర తేలుద్ది. గోడలు సాదాగా కాకుండా కుచ్చులతో కావాలంటే గోడ గుడ్డకి ఒకటిన్నర రెట్లు వేసుకోండి. ఈ లెక్క కాగితం మీద పెట్టుకుని పోతే షాపులో గుమాస్తా చెప్పిన నంబర్‌కి తల ఊపాల్సిన పని ఉండదు.

కొనడానికి బెజవాడ వాళ్లకి వన్ టౌన్‌లో వస్త్రలత, గుంటూరు వాళ్లకి పట్నంబజారు వైపు. మీటర్ లెక్కన కాకుండా తాను లెక్కన అడగండి, అన్ని తానులూ ఒకే లాట్ నుంచి కావాలని గట్టిగా చెప్పండి, లాట్ మారితే అదే షేడ్ నంబర్ అయినా పక్కపక్కన పెడితే తేడా కొడుతుంది. గుడ్డని షాపు గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూడండి, తర్వాత మీరు రాత్రికి పెట్టబోయే బల్బు కింద చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఒకలా, ఎండలో ఇంకోలా కనపడటం ఊదా రంగులకి బాగా ఎక్కువ. మెరిసే శాటిన్ మీద మోజు పడొద్దు, పాలిస్టర్ శాటిన్ నిప్పు తగిలితే కరిగి కిందకి కారుద్ది, కింద మనుషులుంటారు. కాటన్ కూడా కాలుద్ది గానీ కరిగి మీద పడదు. కప్పుకి మాత్రం కాటనే వాడండి, ఈ విషయంలో నేను రాజీ పడను.

బడ్జెట్ తక్కువైతే అద్దకం. ఇళ్లల్లో పాత తెల్ల దుప్పట్లు, పంచెలు పోగు చేసి, గంజి పోయేదాకా బాగా ఉతికి, డైరెక్ట్ డై అయితే మరిగే వేడి నీళ్లలో ఉప్పు వేసి ముంచాలి, రియాక్టివ్ డై అయితే ఉప్పు తర్వాత సోడా యాష్ వెయ్యాలి, అది వెయ్యకపోతే రంగు గుడ్డని పట్టుకోదు. పాలిస్టర్ కలిసిన దుప్పటి ఈ రెండిటికీ సరిగా లొంగదు, ముందు ఒక మూల ముంచి చూసుకోండి. చేతికి గ్లవ్స్, గిన్నె మళ్లీ వంటకి వాడకూడదు, రంగు నీళ్లు కాలవలో పొయ్యకూడదు. ఒక్కో దుప్పటి ఒక్కో రకంగా వస్తుంది, రానివ్వండి, ఆ తేడానే షాపు గుడ్డలో ఉండదు. ఉతికినప్పుడు నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. డిసెంబర్ జనవరిలో మన దగ్గర తెల్లారుజామున మంచు బాగా పడుతుంది, రంగు సరిగా కడగని గుడ్డ ఆ తడికి చుక్కలు చుక్కలుగా జనం బట్టల మీద కారుద్ది.

అందుకే కప్పు మీద టార్పాలిన్ పట్టా ఉండాలి, దానికి ఒక అడుగు కింద మన గుడ్డ. పట్టా నీలంగానే ఉంటుంది, బయటికి కనపడే అంచు చుట్టూ అడుగున్నర జాలరు కుట్టించి దించండి, కనపడదు.

వెనక గోడ మాత్రం గుడ్డతో కాకుండా చీరలతో చెయ్యండి. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. మెంబర్ల అమ్మలు, అమ్మమ్మలు, అత్తయ్యల దగ్గర వంగపండు రంగు చీరలు ఒక్కొక్కటి అడిగి తెచ్చి, సన్న నిజాం బోర్డర్ మంగళగిరి కాటన్ నుంచి పెళ్లినాటి పట్టు దాకా వరసగా వేలాడదీసి, ప్రతి దాని పక్కనా చిన్న అట్ట మీద ఆ చీర కథ రెండు లైన్లు. పేర్లు అక్కర్లేదు, "తెనాలిలో పెళ్లి, మొదటి జీతంతో నాన్న కొన్నది" అంటే చాలు. జనం అక్కడే ఎక్కువసేపు ఆగుతారు. పిన్నులు గుచ్చొద్దు, బొంగు మీద నుంచి మడిచి వేసి గుడ్డ క్లిప్పులు పెట్టండి, రాత్రి మంచు పడకముందే తీసి లోపల పెట్టండి, ఎవరి చీర ఏదో నోట్‌బుక్‌లో రాసుకుని తిరిగి ఇచ్చినప్పుడు టిక్ పెట్టుకోండి.

వారం ముందు: మిగతా రంగుల్ని మాయం చెయ్యడం

టెంట్ హౌస్ వాళ్ల దగ్గర వంగపండు రంగు సామాను ఉండదు. వాళ్ల షామియానాలో ఆరు రంగులుంటాయి, కార్పెట్ ఎర్రగానో పచ్చగానో ఉంటుంది, కుర్చీలు తెల్లగా ఉంటాయి. అందుకని వాళ్లని అడగాల్సింది సర్వి బొంగులు, తాళ్లు, పట్టా, బల్లలు, అంతే. "అన్నా, పైన గుడ్డ మేమే కట్టుకుంటాం, నువ్వు ఫ్రేమ్ ఒక్కటే నిలబెట్టు" అంటే మొదట వింతగా చూస్తారు, తర్వాత రేటు తగ్గిస్తారు.

ఇప్పుడు ఫ్రేమ్ ముందు నిలబడి ఊదా కానిది ఏం కనపడుతుందో ఒక్కొక్కటీ చూడండి. బొంగులు: మిగిలిన గుడ్డ నాలుగంగుళాల పట్టీలుగా చింపి చుట్టండి. తాళ్లు: వాటికి కూడా పట్టీలు, పైగా రాత్రి పూట జనం కాలికి తగలకుండా గుర్తు కూడా అవుతుంది. కుర్చీలు తీసేయండి, నేల మీద జంపఖానాలు, దిండ్లు, పెద్దవాళ్ల కోసం నాలుగు కుర్చీలు మాత్రం గుడ్డ తొడుగులతో. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ నీలంగా ఉంటుంది, దానికి చొక్కా కుట్టించండి, టైలర్ నవ్వుతాడు గానీ కుడతాడు. చెత్తడబ్బా, ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మెంబర్ల బ్యాగులు, హెల్మెట్లు, చెప్పులు. ఈ చివరి మూడే క్యాంపుల్ని పాడుచేస్తాయి. వెనక గోడకి అవతల మూడడుగుల సందు వదిలి, అన్ని సొంత సామాన్లూ అక్కడే అని రూల్ పెట్టండి. వచ్చినవాళ్ల చెప్పులకి గుమ్మం పక్కన తెరతో ఒక అర.

ఒక్కదానికి మినహాయింపు ఉంది. ఎర్రటి ఫైర్ సిలిండర్ మీద గుడ్డ కప్పొద్దు, దానికి రంగు వెయ్యొద్దు, అది కనపడాల్సిందే. పక్కన రెండు బకెట్లు ఇసుక. 101, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో లోపలి వైపు రాసి పెట్టండి.

గుమ్మం దగ్గర ఆర్చ్ కావాలంటే ఆటోనగర్‌లో పాత సైకిల్ రిమ్ములు, గేర్ పళ్లాలు కిలోల లెక్కన తెచ్చి వెల్డింగ్ చేయించి ఒకే పెయింట్ కొట్టించొచ్చు. తెనాలి వాళ్లు ఇనుప తుక్కుతో నిలువెత్తు శిల్పాలే చేస్తారు, మనం ఒక ద్వారం చెయ్యలేమా. ఒకే రంగు పడ్డాక ఏది రిమ్మో ఏది చైనో దగ్గరికొస్తే గానీ తెలియదు, జనం దగ్గరికి వస్తారు.

థర్మాకోల్ అక్షరాలు వద్దు, అలంకారానికి వాడే థర్మాకోల్, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతా బ్యాన్. మెరుపుల పొడి కూడా వద్దు, అదీ ప్లాస్టిక్కే, ఒకసారి నేల మీద పడితే ఎత్తలేరు.

లైట్లు, కరెంటు

అందరికీ వచ్చే మొదటి ఐడియా పర్పుల్ ఎల్ఈడీలు పెడదామని. పెట్టొద్దు. పర్పుల్ లైట్ కింద మొహాలు, అన్నం, గోడ అన్నీ ఒకే ముద్దగా కనపడతాయి, మీరు కష్టపడి తెచ్చిన షేడ్స్ తేడా మొత్తం పోద్ది. పసుపు కాంతి బల్బు పెడితే ఊదా గుడ్డ మట్టిరంగులోకి దిగిపోద్ది. డబ్బా మీద 4000కె అని ఉండే న్యూట్రల్ వైట్ తీసుకోండి, సీఆర్ఐ 90 అని రాసి ఉన్నవి దొరికితే ఇంకా మంచిది, రంగు ఉన్నది ఉన్నట్టు చూపిస్తాయి. బల్బు మొహం గోడ వైపు తిప్పండి, మనుషుల కళ్లలోకి కాదు. నది దగ్గర సాయంత్రం పురుగు ఎక్కువ, తెల్ల లైటుకే ఎక్కువ వస్తుంది, కాబట్టి బయట దారి వైపు మాత్రం పసుపు కాంతి బల్బులే ఉంచి, లోపలి తెల్ల లైట్లు తక్కువ పెట్టుకోండి.

వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, మన గ్రూపులో బీటెక్ చదివినవాడు ఉన్నాడని వాడికి అప్పగించొద్దు. ఆర్గనైజర్లు ఇచ్చిన పాయింట్ దగ్గర లోడ్ ఎక్కువైతే ట్రిప్ అయ్యే ఎంసీబీతో పాటు, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే ఆర్సీసీబీ ఉండాలి, జాయింట్లు తడి నేల మీద ఉండకూడదు, హాలోజన్ లైట్లు గుడ్డ దగ్గరికి రానివ్వకూడదు. మైకు ఉంటే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బంద్, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉన్న టైం అది.

వచ్చినవాళ్లకి ఏం పెడతాం

రంగు చూసి లోపలికి వచ్చినవాళ్లు ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్లిపోతే మనం కట్టింది సెల్ఫీ పాయింట్ అయిపోద్ది. వాళ్ల చేతులకి పని చెప్పాలి.

శంఖుపూల నీళ్లు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఎండిన నీలి శంఖుపూలు వేడి నీళ్లలో వేస్తే ముదురు నీలం దిగుద్ది, గ్లాసులో పోసి ఇచ్చి, నిమ్మచెక్క వాళ్ల చేతికే ఇచ్చి పిండమనండి, కళ్ల ముందే ఊదాలోకి మారుద్ది, ఇంకా పిండితే గులాబీ వైపు పోద్ది. పులుపుకి రంగు మార్చే ఆ పదార్థం జాతే వంకాయ తొక్కలో, నేరేడు పండులో కూడా ఉంటుంది, ఆంథోసయానిన్ అంటారు. పిల్లలు ఒకటికి రెండుసార్లు వస్తారు, పంచదార కొంచెం వేసి పెట్టుకోండి. స్టీలు గ్లాసులు, కడగడానికి ఒక షిఫ్ట్.

తిండిలో గుత్తివంకాయ కూర ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. మెంబర్ల భోజనానికి ఒకపూట తప్పకుండా పెట్టండి, వచ్చినవాళ్లలో ఆకలితో ఉన్నవాళ్లకి ఒక ముద్ద పెట్టగలిగితే ఇంకా సంతోషం. ఉడికాక వంకాయ రంగు పోద్ది, పోనివ్వండి, అన్నంలో ఫుడ్ కలర్ మాత్రం కలపొద్దు. తిండిని రంగు రూల్ నుంచి తప్పించేయడమే మర్యాద. పొయ్యి పందిరికి దూరంగా, గాలికి కింది వైపు.

ఒక మూల బల్ల వేసి రంగు కథ చెప్పండి. మన తీరం కథ మన దగ్గరే ఉంది. బందరు కలంకారీలో పాతకాలంలో చిరివేరు అనే వేరుతో రంగు తీసేవాళ్లు, గుడ్డకి పటిక పట్టించి ఆ వేరు రంగులో ఉడికిస్తే ఎరుపు, ఇనుము పట్టిస్తే నలుపు వైపు, రెండూ కలిపితే ఊదా. ఆ అచ్చుల పని ఇప్పటికీ పెడనలో నడుస్తానే ఉంది, అక్కడి నుంచి రెండు చెక్క అచ్చులు తెచ్చి పెడితే పిల్లలు కాగితం మీద అద్దుకుంటారు. ఇంకో పక్క లండన్ కథ, 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియాకి వాడే క్వినైన్ తయారు చెయ్యబోతే సీసాలో ఊదారంగు వచ్చింది, ఫ్యాక్టరీల్లో తయారయ్యే కృత్రిమ రంగుల కాలం దాంతోనే మొదలైంది. చిరివేరు లాంటి వేళ్ల రంగులు ఎందుకు వెనకబడ్డాయో ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెప్తే పదో క్లాసు పిల్లాడికి కూడా అర్థమవుద్ది.

గుర్తుగా ఏదైనా ఇవ్వాలనుకుంటే కండువా మాత్రం కప్పకండి. మన ఊళ్లో కండువా కప్పి ఫోటో దిగితే ఏం అనుకుంటారో తెలుసు కదా, ఎవరికీ ఆ ఇబ్బంది వద్దు. ఆడవాళ్లకి డిసెంబరం పూల మూర, మగవాళ్లకీ పిల్లలకీ చేతికి గుడ్డ పట్టీ. ఈ పూలు మార్కెట్లో కన్నా ఇళ్ల దగ్గరే ఎక్కువ దొరుకుతాయి, మీ వీధిలో చెట్టున్నవాళ్లని ముందే అడిగి పెట్టుకోండి, అడిగితే కాదనరు, సాయంత్రం వాళ్లని కూడా పిలవండి. అమ్మడం అనేది ఏ రూపంలోనూ వద్దు, హుండీ డబ్బా కూడా పెట్టొద్దు.

వచ్చేవాళ్లని "మీరు ఈ రంగు వేసుకురాలేదు కాబట్టి లోపలికి రావద్దు" అనడం నాకు అస్సలు నచ్చదు. రంగు నియమం మెంబర్లకి. వాళ్లు కూడా కొత్తబట్టలు కొనక్కర్లేదు, ఉన్నవాటిలో షేడ్ కార్డుకి దగ్గరది వేసుకుంటే చాలు, లేనివాళ్ల కోసం మిగిలిన గుడ్డతో నాలుగు చున్నీలు, నాలుగు చొక్కాలు కుట్టించి ఉంచండి.

ఫెస్టివల్ రోజుల్లో

నాలుగు గంటల షిఫ్టులు, ప్రతి షిఫ్ట్‌లో కనీసం ముగ్గురు, అందులో ఒకరు ఆడమనిషి. గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒకరు నిలబడి "రండి, లోపలికి రండి" అనాలి, ఎవరూ పిలవకపోతే మన జనం సిగ్గుపడి ముందుకెళ్లిపోతారు. పొద్దున్నే రంగు చూసుకునే మనిషి ఒక రౌండ్ వేసి, రాత్రి ఎవరో వదిలేసిన పచ్చ వాటర్ బాటిల్, ఎర్ర జాకెట్ తీసేయాలి. ఎండ తగిలే వైపు గుడ్డ వెలవడం మొదలైతే రెండో రోజు పన్నాలు తిప్పి కట్టండి. రాత్రి కాపలాకి ఇద్దరు, దోమతెర మర్చిపోవద్దు.

అయిపోయాక

విప్పే రోజుకి కట్టే రోజు కన్నా ఎక్కువ మంది కావాలి, ఈ మాట డబ్బులు తీసుకునే రోజే చెప్పి ఒప్పించండి. ముందు చీరలు, తర్వాత లైట్లు, తర్వాత గోడలు, చివర కప్పు. గుడ్డ తడిగా ఉంటే మడవొద్దు, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి మడవండి. బొంగులు తీసేశాక అందరూ చేయి చాపినంత దూరంలో వరసగా నిలబడి, జాగా ఒక చివర నుంచి ఇంకో చివరకి నేల చూసుకుంటా నడవండి, స్టేపుల్ పిన్నులు, దారం ముక్కలు, నిమ్మ తొక్కలు అన్నీ ఏరండి, తర్వాత అడ్డంగా ఇంకోసారి. బర్నింగ్ మ్యాన్‌లో ఇలాగే చేస్తారు. పిన్నుల కోసం కర్రకి పాత స్పీకర్ మాగ్నెట్ కట్టి నేల మీద తిప్పితే పని తొందరగా అయిద్ది. ఘాట్ దగ్గరైతే ఒక్క పూలదండ కూడా నీళ్లలో వెయ్యొద్దు, పూలు ఎవరైనా మొక్కలున్నవాళ్ల ఇంటికి పంపండి.

గుడ్డలో బాగున్నది పన్నాలుగా విడదీసి, కొలత రాసి ట్రంకు పెట్టెలో పెట్టండి, వచ్చే ఏడాదికి సగం ఖర్చు తగ్గుద్ది. చిరిగినది టైలర్‌కి ఇచ్చి చేతిసంచులు కుట్టించి, చీరలిచ్చిన ఇళ్లకి చీరతో పాటు ఒకటి ఇవ్వండి. టెంట్ హౌస్ అడ్వాన్స్ వెనక్కి తీసుకుని, పక్కన పెట్టిన పదో వంతులో మిగిలింది ఎంతో చూసి, వారంలోపు లెక్క మొత్తం గ్రూపులో పెట్టి, ఎవరికి ఎంత తిరిగి రావాలో వేసేయండి.